చదరపు మీటరు థాయ్ మసాజు

రాజలింగం ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే నూకరత్నం కొట్టుకు లక్క సీలు పడేదే కాదు.

పోనీ ఆయన అడిగిందేమైనా పెద్ద ప్రశ్నా అంటే అదీ కాదు. హైదరాబాదులో తన ఫొటో స్టూడియోలో కూర్చుని, డిసెంబరులో గవ్వలరేవు సముద్రం చూసొద్దామనుకుని, తీర విహార మండలి వారి వెబ్‌సైటు తెరిచి, అట్టడుగున "మీ సందేహాలు" అని ఉన్న డబ్బాలో ఇలా టైపు చేశాడు: "మీ ఊర్ల థాయ్ మసాజ్ ఉందట. ప్రయాణికుడు ఎంత పెట్టుకోవాలె?"

ఆ డబ్బాలో ఆరేళ్ళుగా ఎవ్వరూ ఏమీ అడగలేదు. డబ్బా పనిచేస్తోందన్న సంగతే మండలిలో ఎవరికీ తెలీదు. అలాంటిది ఒక పౌరుడు, అందులోనూ ప్రయాణికుడు, అందులోనూ తిన్నగా ధర సంగతే అడిగేసరికి ఆఫీసంతా లేచి నిలబడింది. ప్రశ్నకు ఒక నంబరు వేశారు. నంబరుకు ఒక ఫైలు కట్టారు. ఫైలంటూ కట్టాక ఇక జవాబు చెప్పి ఊరుకోవడం కుదరదు కదా, చర్య తీసుకోవాలి.

జవాబు మాత్రం బస్టాండుకు ఎదురుగా, నూకరత్నం కొట్టు గుమ్మం మీద, నీలం రంగుతో రాసి ఉంది. "థాయ్ మసాజు. గంటకు 900."

నూకరత్నం ఫుకెట్‌లో ఒక తెలుగువాళ్ళ హోటల్లో తొమ్మిదేళ్ళు వంట చేసింది. ఆ హోటలు పైఅంతస్తులో మసాజు కొట్టు పెట్టుకున్న మాలీ అక్క దగ్గర, మధ్యాహ్నాలు అంట్లు తోమడం అయిపోయాక, ఈ విద్య నేర్చుకుంది. ముందు దణ్ణం పెట్టాలి, పాదాల దగ్గర మొదలెట్టాలి, నేల మీద పరుపే తప్ప మంచం ఉండకూడదు, నూనె ఉండకూడదు, వేళ్ళతో కుదరకపోతే మోచేతులు, మోచేతులతో కుదరకపోతే మడమలు. అంతా వచ్చేశాక ఊరికొచ్చేసింది. ఫుకెట్ సముద్రం గవ్వలరేవు సముద్రం కంటే బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఒడ్డున తన భాషలో తిట్టేవాళ్ళు లేరు.

ఇక్కడ ఆ లోటు లేదు. వాళ్ళ అన్నయ్య పెళ్ళాం అప్పలకొండ కౌంటర్లో కూర్చుంటుంది.

"ఏటే నూకా, ఎవులో ఫైలట్టుకుని వత్తన్నారు. జబ్బా, జరిమానా?" అంది అప్పలకొండ ఆ రోజు.

వచ్చినవాడు మండలి అసిస్టెంట్ ఇంజినీరు ఢిల్లేశ్వరరావు. మంచి కుర్రాడు, సన్నగా ఉంటాడు, చేతిలో కాగితం లేకపోతే ఏం మాట్లాడాలో తెలీదు. గుమ్మం మీది అక్షరాలు రెండుసార్లు చదివాడు.

"ఈ తొమ్మిది వందలు ఎవరు మంజూరు చేశారమ్మా?"

"నానే బాబూ."

"ఏ అధికారంతో?"

"కొట్టు నాది. సేతులు నాయి."

"అదేనమ్మా అభ్యంతరం. సేవ చేసే వ్యక్తే ధర నిర్ణయించుకోవడంలో నిష్పాక్షికత లోపించినట్టు సదరు ఫైలులో గుర్తించడమైనది."

"మరైతే ఎవులు సెప్పాల? ఎదురింటోడు సెప్పాలేటి?" అంది అప్పలకొండ.

"పరిశీలించదగ్గ సూచన," అని ఢిల్లేశ్వరరావు రాసుకున్నాడు.

బీచి పక్కన పెద్ద హోటల్లో కూడా థాయ్ మసాజు ఉంది కదా, అక్కడ ఎందుకు అడగలేదు అని నూకరత్నం అడిగింది. అక్కడి ధరలు తోలు అట్ట వేసిన పుస్తకంలో ఉన్నాయనీ, తోలు అట్ట ఉన్నవాటికి మినహాయింపు ఉందనీ అతను చెప్పాడు. ఆ రకంగా గవ్వలరేవులో నియంత్రించవలసిన థాయ్ మసాజు కొట్ల సంఖ్య ఒకటిగా తేలింది. మంజూరైన రేటు లేకుండా ప్రయాణికుడి ఒంటి మీద చెయ్యి వేస్తే పదివేలు జరిమానా. నోటీసు అంటించి, లక్క కరిగించి, తలుపుకు సీలు వేసి, "ఏమీ అనుకోకండమ్మా" అని వెళ్ళిపోయాడు.

సీజను డిసెంబరు మొదటి ఆదివారం మొదలవుతుంది. కొట్టు అద్దెకిచ్చిన యజమాని సాయంత్రం వచ్చి, ముందురోజు చీకటిపడేలోగా కొట్టు తెరవకపోతే మొబైలు కవర్లు అమ్మేవాడికి ఇచ్చేస్తానని చెప్పాడు. నూకరత్నం మాలీ అక్క ఫోన్ నంబరు ఎక్కడ రాసి పెట్టుకుందో వెతికింది. దొరికింది. మళ్ళీ దాచేసింది. ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి, బోర్డు మీద ఒక్క అంకె రాయడానికి ఇరవై రెండు రోజులు చాలవా?

తీర విహార మండలిలో ఉన్నవాళ్ళంతా ఇంజినీర్లే. వాళ్ళ పెద్ద, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు నరసింగరావు, గవ్వలరేవులో ఒక స్వాగత తోరణం, రెండు మరుగుదొడ్లు, ఒక సిమెంటు డాల్ఫిన్ కట్టించినవాడు. ఆ డాల్ఫిన్ ఏ చేపో చెప్పుకోమని జాలర్లు ఇప్పటికీ పందాలు కాసుకుంటారు.

మూడోవారం నరసింగరావు స్వయంగా దయచేశాడు. చంకలో లావుపాటి పుస్తకం. రోడ్డు వేయాలన్నా, చెరువు తవ్వాలన్నా, గోడ కట్టాలన్నా ఒక్కో పనికి ఇంతని ప్రభుత్వం వారు రాసిపెట్టిన రేట్ల పుస్తకం అది. పంచనామా రాసి, సీలు విప్పించి, లోపలికొచ్చి నిలబడ్డాడు.

"చూడండి నూకరత్నం గారూ. ధర అంటే అంచనా. అంచనా అంటే ఇంజినీరింగ్. కావున మసాజు ఇంజినీరింగ్ పని. దురదృష్టవశాత్తూ మనిషి ఒళ్ళు ఈ పుస్తకంలో లేదు."

"మరేటి సేత్తారు బాబూ?"

"దగ్గరి పోలిక తీసుకుంటాం. నేలను నొక్కి గట్టిపరచడం, పేజీ నలభై ఏడు. ఢిల్లేశ్వరరావూ, పడుకో."

ఢిల్లేశ్వరరావు బూట్లు విప్పి పరుపు మీద బోర్లా పడుకున్నాడు. నూకరత్నం దణ్ణం పెట్టి పాదాల దగ్గర కూర్చుంది.

"ఆగండి! పని మొదలయ్యే ముందు నేలను వర్గీకరించాలి," అని నరసింగరావు వంగి బొటనవేలితో పొడిచి చూశాడు. "పిక్కలు, మెత్తమట్టి. రాసుకో."

"నా చేతులు కింద ఉన్నాయి సార్."

"తరవాత రాసుకో. తొడలు, గ్రావెల్. నడుము, గులకరాళ్ళతో కలిసిన గట్టినేల. భుజాలు..." ఇంకోసారి పొడిచాడు. "అబ్బో. గట్టిరాయి. మందు పెట్టి పేల్చాల్సిందే."

"మందొద్దు సార్!"

"కంగారు పడకు. జనావాసాల మధ్య పేలుళ్ళు నిషేధం. ఉలితో కొట్టే రేటు వేద్దాం."

అప్పలకొండ కౌంటర్ కింద మొహం దాచుకుంది. నూకరత్నం నవ్వలేదు. ఆమెకు కావలసింది ఒక అంకె, ఈయన చేతిలో పుస్తకం నిండా అంకెలున్నాయి, ఎక్కడో ఒకచోట తనది కూడా ఉండకపోదు.

పావుగంట నొక్కాక ఆమె లేచి, గోడకున్న కొయ్య పట్టుకుని, ఢిల్లేశ్వరరావు వీపు మీదకెక్కింది.

"ఇదేమిటి?" అన్నాడు నరసింగరావు.

"మడమల్తో నొక్కాల బాబూ."

"అంటే రోడ్డు రోలరు. రోలరు బరువు?"

"అరవై రెండు కిలోలు."

"ఇంధనం?"

"ఏటి?"

"యంత్రానికి ఇంధనం ఏం పోస్తున్నారు?"

"పొద్దున్న సద్దన్నం, మద్దేనం సేపల పులుసు," అంది అప్పలకొండ. "పండక్కి మాంసం."

"రోజూ ఎంత పోశారు, ఎన్ని గంటలు నడిచింది, లాగ్ పుస్తకం పెట్టండి. సంతకాలు ఉండాలి."

పెట్టారు. ఆ పుస్తకంలో మొదటి పేజీ ఇప్పటికీ ఉంది. ఉదయం ఎనిమిది, సద్దన్నం, అర లీటరు.

తరవాత నూకరత్నం ఢిల్లేశ్వరరావు కాలు మడిచి పైకెత్తితే అది ఎత్తుడు ఛార్జీ కిందకొచ్చింది. చేతులు వెనక్కి లాగితే అదీ వచ్చింది. అన్నీ లెక్కపెట్టి, చదరపు మీటరు చొప్పున గుణించి, ఉలి ఛార్జీ కలిపి, నొక్కుడుకు వెయ్యిన్నూట ఎనభై, ఎత్తుడుకు నూటపన్నెండు అని తేల్చారు. నూకరత్నం మనసు తేలికపడింది. తన రేటు కంటే ఎక్కువే, కానీ మనిషి భరించే అంకే.

అప్పుడు నరసింగరావు కళ్ళు మూసుకుని, ఏదో గొప్ప ఆలోచన దిగివస్తున్నవాడిలా కాసేపాగాడు.

"మనం ముఖ్యమైనది మరిచాం. పని జరిగే చోటికి సామగ్రి ఎంత దూరం నుంచి వస్తే అంత రవాణా ఛార్జీ ఇవ్వాలి. కంకర క్వారీ నుంచి, ఇసుక ఏటి నుంచి. ఇక్కడ సామగ్రి ఏది?"

"ప్రయాణికుడు సార్," అన్నాడు ఢిల్లేశ్వరరావు పరుపులోకి.

"శెభాష్. కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు."

"ఆయన టిక్కెట్టు కొనుక్కునే వత్తాడు కద బాబూ!" అంది నూకరత్నం.

"అది ఆయన సొంత ఖర్చు. ఇది శాఖాపరమైన ఖర్చు. రెండూ కలపరాదు."

హైదరాబాదు ఆరువందల నలభై కిలోమీటర్లు. ఐదువేల నూట ఇరవై. మొత్తం ఆరువేల నాలుగువందల పన్నెండు. జర్మనీ నుంచి వచ్చేవాడికి రవాణాకే యాభై ఆరువేలు దాటింది. పక్క వీధి వాళ్ళకు రవాణా సున్నా, అయితే పక్క వీధి వాళ్ళు ప్రయాణికుల నిర్వచనంలోకి రారు కాబట్టి వాళ్ళకు ఒళ్ళు నొప్పులు లేవని భావించడమైనది.

"యాభయ్యారేలా? ఆ డబ్బులకి ఆ జర్మనీ బాబు ఫుకెట్ ఎల్లి, పది మసాజులు సేయించుకుని, మిగిలిన దాంతో సేపలు కూడా కొనుక్కుంటాడు," అంది నూకరత్నం.

"అది మా పరిధిలోకి రాదు. అయినా ఇది ముసాయిదా మాత్రమే. నిజమైన ప్రయాణికుడి మీద పని చేసి, కొలిచి, ఆ కొలతలు నేను సరిచూస్తే గాని రేటు ఖాయం కాదు."

సీలు మళ్ళీ పడింది.

నిజమైన ప్రయాణికుడు ఎవరు? ఫైలు తిరగేశారు. రుజువున్నవాడు ఒక్కడే. రాజలింగానికి ఉత్తరం వెళ్ళింది: "తమరు అడిగిన ప్రశ్నకు సంబంధించి, తమరు స్వయంగా హాజరై, సూచించిన స్థలంలో బోర్లా పడుకోవలసిందిగా కోరడమైనది."

ఆయన అదేదో బహుమతి అనుకుని ఆనందంగా బయల్దేరాడు.

సీజనుకు ముందురోజు, శనివారం పొద్దున్న, స్లీపర్ బస్సు దిగాడు. చక్రం మీద పైబెర్తులో పద్నాలుగు గంటలు ఎగిరెగిరి పడ్డాడేమో, నడుము పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాడు.

"అమ్మా, మీరేనా నూకరత్నం? జల్ది పండవెట్టుండ్రి. పాణం పోతున్నది."

మొబైలు కవర్లవాడు అప్పటికే వచ్చి, బయట మెట్ల మీద టేపుతో గుమ్మం వెడల్పు కొలుచుకుంటున్నాడు. కొలతల కోసమని మండలివారు ఆ ఒక్క పూటకు సీలు విప్పించారు. నూకరత్నం వాడి వైపు చూడకుండా పరుపు దులిపి వేసింది.

నరసింగరావు, ఢిల్లేశ్వరరావు మూడుకాళ్ళ పరికరం మోసుకొచ్చారు. రోడ్డు ఎత్తుపల్లాలు చూసేది. మట్టి పొయ్యకముందు నేల ఎంత ఎత్తుంది, పోసి తొక్కాక ఎంత ఎత్తుంది, తేడా ఎంతో అంతే పని. కాబట్టి మసాజుకు ముందు రాజలింగం ఎంత ఎత్తున్నాడో తెలియాలి. అయితే ఆ పరికరం నిలబడి చూసేందుకు చేసింది, థాయ్ మసాజేమో నేల మీద. కాళ్ళు మడిచి మడిచి దాన్ని మోకాలెత్తుకు దించారు. నరసింగరావు నడుం వంచి, ఒక కన్ను మూసి, అద్దంలోకి చూశాడు.

"వీపు మధ్యన, సున్నా పాయింటు రెండొందల పది. రాశావా? సరిచూద్దాం. రెండొందల ఇరవై రెండు! ఇదేమిటి, పన్నెండు మిల్లీమీటర్లు ఎలా పెరిగింది?"

"ఊపిరి పీలుస్తున్నారు సార్."

"ఏవండీ ప్రయాణికుడు గారూ, ఊపిరి అదనపు పని కిందికి వస్తుంది. దానికి మంజూరు లేదు."

"సారూ, గాలన్న పీల్చుకోనియ్యుండ్రి!"

"పీల్చండి, కానీ వదిలాక మేం చెప్పేదాకా పీల్చకండి."

అలా వీపును అరవై నాలుగు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడినీ ఢిల్లేశ్వరరావు ఒకసారి చూసి, నరసింగరావు మూడుసార్లు సరిచూసి, కొలతల పుస్తకంలో ఎక్కించారు. నూకరత్నం దణ్ణం పెట్టిన చేతులతో అలాగే పాదాల దగ్గర కూర్చుని ఉంది. పది దాటింది, పన్నెండు దాటింది. గుమ్మం దగ్గర టేపువాడు తన అరలు ఎక్కడ బిగించాలో సుద్దతో గీతలు గీసుకుంటున్నాడు. ఆమె చేతులు ఇంకా ఎవరినీ ముట్టుకోలేదు.

రెండు గంటల వేళ యాభై తొమ్మిదో గడి దగ్గర, ఎప్పుడో నిద్రలోకి జారుకున్న రాజలింగం గురక ఆపి, ఆవులించి, లేచి కూర్చున్నాడు. అటు తిరిగాడు. ఇటు తిరిగాడు.

"అరె! నడుము సాఫైపోయింది! ఏం చెయ్యమ్మా నీది! ఎంతియ్యాలె?"

"నాను ముట్టుకోనేదు బాబూ."

నరసింగరావు వంగినవాడు వంగినట్టే గుడ్లు తేలేశాడు. "పని మొదలు కాలేదు! మొదలు కాకుండా ఎలా పూర్తవుతుంది? ఆడిట్‌కి నేనేం చెప్పను? ఏవండీ, నొప్పిని మళ్ళీ తెచ్చుకోగలరా?"

"బస్సెక్కితే వస్తది సార్."

"అయితే వెంటనే..." అని నరసింగరావు వేలు చూపించబోయి, నడుం ఎత్తబోయి, ఎత్తలేకపోయాడు.

ఇంకోసారి ప్రయత్నించాడు. గది మొత్తానికి వినపడేలా ఏదో పట్టేసింది. మనిషి మధ్యకు మడిచిన గొడుగులా అలా ఉండిపోయాడు, కళ్ళు మాత్రం నూకరత్నం పాదాల మీద.

"అమ్మా నూకరత్నం," అన్నాడు సన్నగా, "కొంచెం... చూడమ్మా."

నూకరత్నం చేతులు వెనక్కి పెట్టుకుంది. "రేటు నేదు కద బాబూ. మంజూరు నేకుండా ప్రయాణికుణ్ణి ముట్టుకుంటే పదేలు జరిమానా. మీరే అంటించినారు."

"నేను ప్రయాణికుణ్ణి కాను!"

ఢిల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఈ పని మీద తమరికి నిన్నటి నుంచి ప్రయాణ భత్యం రాస్తున్నాం సార్. రికార్డు ప్రకారం తమరు ప్రయాణికులే."

"అయితే నాకు అంచనా వెయ్యి!"

"ముందస్తు లెవెల్స్ తీయాలి సార్. తమరు ప్రస్తుతం ఏటవాలుగా ఉన్నారు. చదును చేయడానికి వేరే అంచనా. ఆపైన టెండరు. ఇరవై ఒక్క రోజులు."

"నా నోట్లో మట్టి కొట్టు," అన్నాడు నరసింగరావు.

"ఏ రకం మట్టి సార్?"

అప్పలకొండ ఇక ఆగలేక బయటికి పోయి నవ్వుకుని వచ్చింది. రాజలింగం ఫోన్ తీసి ఫొటో తీశాడు. నూకరత్నానికి మాత్రం ఆ వంగిన నడుం చూస్తుంటే వేళ్ళు దురద పెడుతున్నాయి. ఎక్కడ నొక్కితే విడిపోతుందో ఆమెకు ఇక్కడినుంచే కనిపిస్తోంది. ముడి అక్కడుంది, మడమ పడితే చాలు. తలుపు దగ్గర టేపు చప్పుడవుతోంది.

"బాబూ," అంది ఉన్నట్టుండి, "ఆయేడు తుపానుకి మా ఊరి కాలవకి గండి పడితే మీ ఇంజినీర్లొచ్చినారు. ఆళ్ళు ఇలగే కళ్ళద్దాలెట్టి కొలిసినారేటి? నేదే. ఒడ్డు మీద నిలబడి, 'ఎవులున్నారు, ఎంత కావాల, దూకండి' అన్నారు. మా అన్నయ్యే దూకినాడు."

వంగిన చోటినుంచి నరసింగరావు గొంతు, పోయిన అధికారం తిరిగొచ్చినట్టు, నెమ్మదిగా వినిపించింది.

"గండికి అంచనా అక్కర్లేదు. టెండరు అక్కర్లేదు. అత్యవసర పని. దగ్గరున్నవాళ్ళకు, అడిగిన రేటుకు. ఢిల్లేశ్వరరావూ! రాయ్! మధ్యాహ్నం రెండూ నలభైకి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారి నడుము వద్ద ఆరంగుళాల గండి పడినది. ప్రాణనష్టం సంభవించవచ్చును. అమ్మా, రేటు చెప్పు!"

"మరి ఆ రేటు రేపు కూడా ఉంటాదా?"

"కొలతల పుస్తకంలో ఎక్కితే అదే రకం పనులన్నిటికీ అదే రేటమ్మా," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

అప్పలకొండ వెనకనుంచి ఆమె జబ్బ గిల్లింది. "తొమ్మిదేలను! ఇప్పుడేటడిగినా ఇత్తాడు. తొమ్మిదేలను నూకా!"

నూకరత్నం గుమ్మం మీది నీలం అక్షరాలు చూసింది. వెయ్యంటే మనుషులు గుమ్మంలోనే ఆగిపోతారు, ఎనిమిదొందలంటే దుప్పట్ల చాకలికీ అద్దెకీ పోగా ఏమీ మిగలదు. అది లెక్కేసుకోవడానికి ఆమెకు ఒక సాయంత్రం పట్టింది, పుస్తకం లేకుండా.

"తొమ్మిది వందలు బాబూ."

"రాయ్!"

ఢిల్లేశ్వరరావు రాశాడు. వంగినవాడు వంగినట్టే సంతకం పెట్టాడు. నలుగురూ పట్టుకుని ఆయన్ను పరుపు మీదకు దొర్లించారు. నూకరత్నం దణ్ణం పెట్టి, పాదాలతో మొదలెట్టి, పిక్కలు, తొడలు, ఎక్కడా తొందరపడకుండా పైకొచ్చి, కొయ్య పట్టుకుని ఎక్కి, ముడి మీద మడమ ఆనించింది. టక్‌మంది.

గంట తర్వాత నరసింగరావు తిన్నగా నిలబడ్డాడు. కిటికీలోంచి బీచి వైపు చూశాడు.

"ఢిల్లేశ్వరరావూ, ఆ డాల్ఫిన్‌కి మూతి అలా ఎందుకుందయ్యా?"

"తమరు కట్టించిందే సార్."

సాయంత్రం సీలు పూర్తిగా రద్దయింది, గోడ మీద సుద్దగీతలు తడిబట్టతో తుడిచేశారు, మొబైలు కవర్లవాడు టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున్నకల్లా మండలి ముద్రతో కొత్త బోర్డు వేలాడింది: "థాయ్ మసాజు. గంటకు 900. గండి పూడ్చే అత్యవసర పనులకు మాత్రమే." కింద ఒక పెట్టెలో ఫారాలు. ఫలానా ప్రయాణికుడినైన నాకు, ఫలానా తేదీన, ఫలానా చోట గండి పడినదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.

మొదటి ఫారం రాజలింగం నింపాడు. రాత్రి బస్సుంది కాబట్టి ముందే పడిందని రాశాడు. చేయించుకుని లేచి, ఫోన్ తీసి, మండలి వెబ్‌సైట్లో ఆ డబ్బాలోనే తన ప్రశ్న కింద తనే జవాబు రాసుకున్నాడు: "తొమ్మిది వందలు. గండి తప్పనిసరి."

పదకొండయ్యేసరికి క్యూ బస్టాండు దాకా వెళ్ళింది. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫారం పట్టుకుని కౌంటర్ దగ్గర తటపటాయించాడు.

"ఏమండీ, నాకు కాస్త మెడ నొప్పి, అంతే. ఈ గండి ఎక్కడ పడాలి?"

"ఎక్కడ పడినా మాకేటభ్యంతరం నేదు బాబూ," అంది అప్పలకొండ పెన్ను అందిస్తూ, "సంతకం మటుకు ఈ గీత మీద పడాల."